కథ తెలియని తిరనాళ్ళు

పోయిన వేసవికి ముందు మా ఇంట్లో పరీక్షలు జరిగాయి. పరీక్ష పెట్టింది ఏడో క్లాసు చదివే మా మనవరాలు. రాయవలసిన వాళ్ళం నేనూ, మావారూనూ. మావారు మొదటి రోజే చేతులెత్తేశారు. నేను మాత్రం పట్టు వదలని విక్రమార్కుడిలా పుస్తకం పట్టుకు కూర్చున్నాను.

సంగతేమిటంటే, అమెరికాలో ఫ్లారిడాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి అందరం ప్రయాణమయ్యాం. అక్కడ ఆర్లాండో అనే ఊళ్ళో హేరీ పోటర్ కథలోని బడీ, బజారూ, రైలూ అన్నీ నిజంగా కట్టిపెట్టారు. అవి చూసి తీరాలని పిల్లల పంతం. "నానమ్మా, కథ తెలీకుండా వస్తే నీకేం అర్థం కాదు. నేను నోట్సు రాసిస్తాగా!" అంది మా పెద్దది. అన్నట్టే రాసిచ్చింది. నలభై పేజీల రూళ్ళ పుస్తకం. బడిలో నాలుగు ఇళ్ళు, ఏ ఇంటికి ఏ రంగు, ఏ జంతువు. మంచివాళ్ళ పట్టిక ఒకటి, చెడ్డవాళ్ళ పట్టిక ఒకటి. మొదట చెడ్డవాళ్ళలా కనిపించి చివరికి మంచివాళ్ళని తేలేవాళ్ళకి వేరే పట్టిక. ఆఖరి పేజీల్లో మంత్రాలు. గచ్చిబౌలిలో మా పదకొండో అంతస్తు బాల్కనీలో కూర్చుని నేను ఆ మంత్రాలు వల్లె వేస్తూంటే, పక్క ఫ్లాటావిడ తల ఇవతలికి పెట్టి, "కొత్త స్తోత్రమాండీ? మాక్కూడా ఓ కాపీ ఇద్దురూ!" అంది.

నవ్వులకేం గాని, ఆ నోట్సు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. మనందరం ఇప్పుడు కథల్ని ఇలాగే తెలుసుకుంటున్నాం మరి. అందులో తప్పంటూ ఏమీ లేదు. ఒక్క పేరూ పొరపాటు పోలేదు. అయినా ఎన్నిసార్లు చదివినా నాకు ఆ పిల్లాడి మీద గోరంత జాలి కలగలేదు. మూడో పేజీలో "హేరీ అమ్మ – లిల్లీ – చనిపోయింది" అని ఉంది. రేషను కార్డులో పేరు కొట్టేసినట్టు! తల్లి చనిపోయిందని తెలియడం వేరు, తల్లి లేని పిల్లాడితో పాటు ఓ రాత్రి గడపడం వేరూనూ. మొదటిది సమాచారం, రెండోది కథ. మనం చదువుకునే రోజుల్లో పరీక్షలకి గైడ్లు కొనేవాళ్ళం, జ్ఞాపకముందా? గైడు చదివి పాసయిన నవల్లో ఏ ఒక్క మనిషైనా ఇప్పుడు మీకు గుర్తున్నాడేమో చెప్పండి!

నా అవస్థ చూసి మా కోడలు ఓ రోజు ఆఫీసు నుంచి వస్తూ ఒక పుస్తకం తెచ్చింది. "అత్తయ్యగారూ, ఆ నోట్సు అవతల పెట్టి ఇది చదవండి" అంది. ఇంగ్లండులో 1997లో వచ్చిన మొదటి భాగానికి తెలుగు అనువాదం. పేరు 'హేరీ పోటర్ పరుసవేది'. ఆ 'పరుసవేది' అన్న మాట చూడగానే నా సగం భయం పోయింది. ఇనుముని తాకితే బంగారం చేసే రాయి! చిన్నప్పుడు ఎన్ని కథల్లో వినలేదు? పరాయి ఊళ్ళో బస్సు దిగగానే చిన్ననాటి స్నేహితురాలు ఎదురైనట్టయింది.

కథలోకి వెళ్ళాక తెలిసింది, అందరూ తెలిసినవాళ్ళేనని. తల్లీ తండ్రీ పోయిన పిల్లాడు. పెంచుతున్నది పిన్నతల్లో పెద్దతల్లో కావాలి. వాళ్ళబ్బాయికి బొమ్మలు పెట్టుకోవడానికే వేరే గది ఉంది. వీడికి మాత్రం మెట్ల కింద సామాన్ల గదిలో పడక. అలాంటి ఇళ్ళు మన వీధుల్లో మనం చూడలేదూ? పదకొండో పుట్టినరోజు దగ్గరపడగానే వాడి పేర ఉత్తరం వస్తుంది. అంతకుముందు వాడి పేర ఎవరూ ఉత్తరం రాసినవాళ్ళు లేరు. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

ఇంకొంచెం ముందుకెళ్ళాక ఒక అద్దం వస్తుంది. అందులో చూసినవాళ్ళకి తమ ముఖం కాదు, తమ మనసు అన్నిటికంటే గాఢంగా కోరుకునేది కనిపిస్తుంది. వీడికి అమ్మా నాన్నా కనిపిస్తారు. రాత్రిళ్ళు నిద్ర మానుకుని వెళ్ళి ఆ అద్దం ముందు కూర్చుంటాడు. చివరికి బడి పెద్దాయన, ఇంక ఈ అద్దాన్ని వెతుక్కోవద్దని మెల్లిగా చెబుతాడు. ఆ ఘట్టం రాసినావిడ మంత్రాల కోసం ఈ కథ రాయలేదని నాకు అప్పుడు తెలిసింది. అమ్మ లేని లోటు ఏ మంత్రంతోనూ తీరదని చెప్పడానికే ఇన్ని మంత్రాలు పెట్టింది. ఇంత మాట నలభై పేజీల నోట్సులో లేదు. పిల్లని అని లాభం లేదు. అది నోట్సులో పట్టేది కాదు.

సరే, ఆర్లాండో వెళ్ళాం. కోటలాంటి బడి ఉన్న భాగం 2010లో తెరిచారు. మాయల బజారు వీధిని పక్కనున్న ఇంకో పార్కులో 2014లో కట్టారు. రెంటికీ మధ్య కథలో రైలు నడుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చినదేమిటో చెప్పనా? ఆ బజారుకి దారి చూపించే పెద్ద బోర్డంటూ లేదు. లండను వీధిలా కట్టిన మేడల వరస ఉంటుంది. దాని వెనక ఇటుక గోడల సందులోంచి మలుపు తిరిగితే బజారు ప్రత్యక్షం. కథలోనూ అంతే కదా, గోడ వెనకే బజారు. తెలిసినవాళ్ళు తిన్నగా లోపలికి పోతున్నారు. మావారు ఆ గోడ ముందే బెంచీ చూసుకుని కూర్చుని, "ఎండగా ఉంది, మీరు ఆ బజారేదో వెతుక్కు రండి, నేనిక్కడే ఉంటాను" అన్నారు. బజారు ఆయన వీపు వెనకే ఉంది!

లాక్కెళ్ళాం. లోపల బ్యాంకు కప్పు మీద పెద్ద డ్రాగను ఉండుండి నిప్పులు కక్కుతూంటుంది. పిల్లలు కేకలు పెట్టారు. ఆయనా తలెత్తి, "బాగుంది" అన్నారు. రెండోసారి కక్కినప్పుడు "గ్యాసు ఖర్చు ఎంతవుతుందో!" అన్నారు. మంత్రదండాల కొట్లో ఒక పుల్ల ఖరీదు మన రూపాయల్లోకి మార్చి చూసి, ఆయన మళ్ళీ బయటికొచ్చి నిలబడ్డారు. ఆయనకి అదో కొట్ల వీధి. నాకు మాత్రం, తనకంటూ జేబులో ఒక్క నాణెం లేదనుకున్న పిల్లాడు, అమ్మా నాన్నా తన కోసం దాచిన డబ్బు ఉందని మొదటిసారి తెలుసుకున్న చోటు. ఒకే టిక్కెట్టు, ఒకే ఎండ, ఒకే వీధి. నేను చూసినది ఆయన చూడలేదు.

అంచేత నేను తేల్చుకున్నదేమిటంటే, ఇలాంటి పార్కులు కథ చెప్పవు. తెలిసిన కథని గుర్తు చేస్తాయి, అంతే. అన్ని పార్కులకీ ఈ మాట వర్తించదు లెండి. మా గచ్చిబౌలి నుంచి అవుటర్ రింగు రోడ్డెక్కితే రావిర్యాల దగ్గర 2016లో పెట్టిన వండర్‌లా ఉంది. అక్కడ నీళ్ళ జారుడు బల్ల మీంచి జారడానికి ఏ కథా తెలియక్కర్లేదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళేముందు ఎవరూ నోట్సు రాసుకోరు. గుండె ఝల్లుమనడానికి కథ అక్కర్లేదు. కళ్ళు చెమర్చాలంటేనే కావాలి.

మన వాళ్ళకి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఎన్నిసార్లు చూసి ఉంటాం! శశిరేఖ పెళ్ళి కథ వ్యాసుడి భారతంలో లేదు. పైగా ఆ సినిమా మొత్తం మీద పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రారు. అయినా ఎవరైనా "పాండవులెవరు? ఎక్కడున్నారు?" అని అడిగారా? వాళ్ళు కనిపించకపోయినా ఉన్నట్టే అనిపించింది. ఇటుక గోడకి బోర్డు పెట్టని ధీమా, పాండవుల్ని చూపించని ధీమా రెండూ ఒకటే. చూసేవాళ్ళు ముందే తయారై వస్తారన్న నమ్మకం. మనల్ని అలా తయారు చేసి పంపినవాళ్ళెవరు? హరిదాసులు, తోలుబొమ్మలాటల వాళ్ళు, 1947 నుంచి ఇంటింటికీ వచ్చిన 'చందమామ', అన్నిటికంటే ముందు ఇంట్లో ఆడవాళ్ళు. అక్కడా అంతే. ఏడు భాగాలూ 2007 దాకా ఒకటొకటిగా వచ్చి, పిల్లలు వాటి కోసం పదేళ్ళు ఎదురు చూశాకనే ఆ పార్కు వచ్చింది. ముందు కథ, తర్వాతే తిరనాళ్ళు.

ఇంతవరకు నేను మహా తెలివైనదాన్ననే అనుకున్నాను. ఆ గర్వం దసరా సెలవుల్లో దిగిపోయింది.

తిరిగొచ్చాక అందరం యాదగిరిగుట్ట వెళ్ళాం. 2022లో గుడి కొత్తగా కట్టి తెరిచాక నేను చూడలేదు. దర్శనం అయ్యాక, గుట్ట దగ్గరే ఉన్న సురేంద్రపురికి తీసుకెళ్దామన్నాను. కుందా సత్యనారాయణ గారు తమ కుమారుడు సురేంద్ర పేరు మీద కట్టించిన చోటు అది. బ్రహ్మలోకం, కైలాసం మొదలు నరకలోకం దాకా, పురాణాల్లోని ఘట్టాలన్నీ నిలువెత్తు బొమ్మలుగా చేసి పెట్టారు. నడుస్తూ పోతూంటే ఒకదాని తర్వాత ఒకటి వస్తూంటాయి. ఇదీ కథల పార్కే. ఆర్లాండో పార్కుకి మన పక్కింటి చుట్టం. దీనికి నోట్సెందుకు? మన కథలే కదా! ఆ ధీమాతోనే లోపలికి నడిచాను.

క్షీరసాగర మథనం దగ్గరికి వచ్చాం. ఇటు దేవతలు, అటు రాక్షసులు, మధ్య వాసుకి. మా పెద్దది ఆగి చూసి, "నానమ్మా, పాముతో టగ్గాఫ్ వార్ ఆడుతున్నారా? ఎవరు గెలిచారు?" అంది.

నేను నవ్వాను. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. పిల్ల నవ్వలేదు. నిజంగానే అడిగింది.

గజేంద్ర మోక్షం దగ్గర మా చిన్నాడు, "పాపం, క్రొకడైల్ ఏనుగుని తినేస్తోంది" అని ముందుకు నడిచాడు. కాళీయుడి పడగల మీద కృష్ణుడు ఎందుకు నాట్యం చేస్తున్నాడో ఇద్దరికీ తెలియదు. వాడు కదలకుండా నిలబడినది ఒక్క నరకలోకం దగ్గర. అక్కడ ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నూనె మూకుడు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. భయానికి కథతో పని లేదు. కరుణకే ఉంది. ఎంత బాగా మలిచిన శిల్పమైనా ఒక్క క్షణాన్నే పట్టుకోగలదు. ఏనుగుని చూపిస్తుంది, మొసలిని చూపిస్తుంది. మధ్యలో గడిచిన వెయ్యేళ్ళని ఎలా చూపిస్తుంది? ఆ వెయ్యేళ్ళూ చూడవచ్చినవాళ్ళే తమతో పట్టుకు రావాలి. మా పిల్లలు ఒట్టి చేతులతో వచ్చారు.

బయటికి వచ్చి మంచినీళ్ళు తాగుతూంటే మా పెద్దది అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. "నీకు నేను నోట్సు రాసిచ్చా కదా నానమ్మా. నువ్వు నాకెందుకు ఏం రాసివ్వలేదు?"

ఏం చెప్పమంటారు? మా అమ్మ బియ్యం ఏరుతూ కథ చెప్పేది. చేటలో రాళ్ళు ఎన్ని ఉంటే కథ అంత పొడుగు. రాయి దొరికినప్పుడల్లా చెప్పడం ఆపి, దాన్ని అవతల పారేసి, మళ్ళీ అందుకునేది. ఆ ఆగడంలోనే మాకు ప్రాణాలు పోయేవి. నా వంతు వచ్చేసరికి నేను ఉద్యోగం చేసేదాన్ని. 1987లో దూరదర్శన్లో రామాయణం, మరుసటేడు భారతం వచ్చాయి. హమ్మయ్య, మనం చెప్పే పని తప్పిందనుకున్నాను. ఆదివారం పొద్దున్న మావాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి నేను వారం రోజుల బట్టలు ఉతుక్కున్నాను. అయితే గజేంద్రుడు రామాయణంలోనూ లేడు, భారతంలోనూ లేడు. భాగవతంలో ఉన్నాడు. అంచేత మావాడికి ఏనుగూ మొసలీ అని మాత్రం తెలుసు. వాడి పిల్లలకి అదీ తెలియదు. 'చందమామ' చందా ఎప్పుడు మానేశామో నాకిప్పుడు గుర్తు కూడా లేదు. ఆ పత్రికే తర్వాత ఆగిపోయింది. కథలు పరాయివయ్యాయని ఇంగ్లీషు బళ్ళనీ, సెల్‌ఫోన్లనీ తిట్టుకుంటూ ఉంటాం. మా ఇంట్లో మాత్రం అవి రాకముందే కథ ఆగింది. ఆపింది నేను.

గచ్చిబౌలిలో బౌలి అంటే బావి. ఆ బావి ఎక్కడుండేదని మా అపార్టుమెంట్లో అడిగి చూడండి, ఒక్కరూ చెప్పలేరు. పేరు మిగిలింది, నీళ్ళు లేవు. మా పిల్లలకి గజేంద్ర మోక్షమూ అలాగే మిగిలిందని ఆ రోజు తోచింది.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. ఇలాంటి ఎదురుదెబ్బ తగలగానే మనం చేసే మొదటి పని, "గజేంద్రుడు – ఏనుగు – రక్షింపబడ్డాడు" అని నోట్సు మొదలుపెట్టడం. లేదా వారానికి పది పురాణ కథలని టైంటేబుల్ వెయ్యడం. ఇంకా లేదా, ప్రతి కథ చివరా ఓ నీతి తగిలించి పిల్లల్ని బెదరగొట్టడం. నోట్సు నాకే పని చెయ్యలేదు, వాళ్ళకేం చేస్తుంది? నన్ను తయారు చేసింది నాలుగిళ్ళ పేర్లు కాదు, మెట్ల కింద గది ఒక్కటీ. ఒక్క కథ నిండుగా తెలిస్తే చాలు, తెలియని మిగతా బొమ్మల ముందు కూడా "దీని వెనకా ఏదో ఉందే!" అని ఆగబుద్ధేస్తుంది. ఆగడం వస్తే అడగడం అదే వస్తుంది.

తిరుగు ప్రయాణంలో కారు భువనగిరి దాటుతూండగా మొదలుపెట్టాను. అడివి, వేసవి, దాహం, మడుగు. కుటుంబంతో సహా నీళ్ళలో దిగి ఒళ్ళు మరిచి ఆడుకుంటున్న ఏనుగు. ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కేసరికి మొసలి కాలు పట్టుకుంది.

"విష్ణువు వచ్చేశాడా?" అన్నాడు చిన్నాడు.

"ఇంకా లేదు. ఇంకా పిలవలేదుగా. తన బలం చాలుననే అనుకుంటున్నాడు."

పెద్ద అంబరుపేట దాటింది. ఏనుగు గట్టుకి లాగుతోంది, మొసలి నీళ్ళలోకి లాగుతోంది.

"మిగతా ఏనుగులు హెల్ప్ చెయ్యవా?"

"చేతనైనంత చేశాయి. వల్ల కాలేదు. అలాగని ఆడ ఏనుగులు ఆయన్ని వదిలి పోలేకపోయాయి. గట్టు మీదే నిలబడి చూస్తున్నాయి."

ముందు సీట్లో మా కోడలు వెనక్కి తిరిగి కూర్చుంది. ఈ ముక్క పోతన గారి దగ్గర ఉంది. నేను ఎన్నో ఏళ్ళుగా తలుచుకోనే లేదు. చెబుతూంటే మా అమ్మ గొంతుతో వచ్చింది.

శంషాబాదు దగ్గర తల మీంచి విమానం వెళ్ళింది. పిల్లలు తలెత్తి చూడలేదు. ఏనుగుకి ఓపిక అయిపోయింది. అసలు పిలిస్తే వచ్చేవాడంటూ ఉన్నాడా అని అనుమానం కూడా వచ్చింది. నేను ఆగి, బాటిల్ మూత తీసి మంచినీళ్ళు తాగాను. బియ్యంలో రాయి దొరికిందనుకోండి.

"నానమ్మా! చెప్పూ!"

చక్రం మా అపార్టుమెంటు గేటు దగ్గరికి గాని రాలేదు. అంతకుముందు వైకుంఠంలో ఆయన ఉన్నపళంగా లేచి, ఆవిడతో ఒక్క మాటైనా చెప్పకుండా, ఆవిడ పైట కొంగు చేతిలో ఉన్నదైనా చూసుకోకుండా పరిగెత్తిన ముచ్చట ఉంది కదా. అదయ్యేసరికి డ్రైవరు ఇంజను ఆపేశాడు, ఎవరూ దిగలేదు. "లక్ష్మీదేవికి కోపం రాలేదా?" అంది మా పెద్దది. దానికి జవాబు రేపు చెబుతానన్నాను.

వచ్చే నెల మళ్ళీ సురేంద్రపురి వెళ్ళాలట. ఏనుగుని సరిగ్గా చూడలేదట మా చిన్నాడు. మావారు కారు దిగినప్పటి నుంచీ ఏదో ఆలోచిస్తున్నారు. భోజనం అయ్యాక మెల్లిగా వచ్చి, "ఆ మెట్ల కింద పిల్లాడి పుస్తకం ఎక్కడ పెట్టావోయ్?" అన్నారు.